సాల్ట్‌బర్న్: కొండ అంచున నిలబెట్టుకున్న ఊరు

సభకు నమస్కారం. "అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్లి వచ్చారు కదా, అక్కడి విశేషాలు ఒక గంట చెప్పండి" అని గ్రంథాలయం వారు అడిగారు. లండన్ గురించి చెబుతానని అనుకుని ఉంటారు. లండన్ చూసినవాళ్లు ఈ సభలోనే నలుగురైదుగురు కనిపిస్తున్నారు. నేను చెప్పాలనుకుంటున్నది ఆరు వేల జనాభా ఉన్న ఒక చిన్న ఊరి గురించి. పేరు సాల్ట్‌బర్న్. అక్కడివాళ్లు పూర్తిగా రాసేటప్పుడు 'సాల్ట్‌బర్న్ బై ద సీ' అని రాస్తారు. బర్న్ అంటే వాగు. ఉప్పు వాగు, సముద్రపు ఒడ్డు. ఊరి భూగోళమంతా పేరులోనే ఉంది.

ఇంగ్లండుకు ఈశాన్యంలో, యార్క్‌షైర్ ఉత్తరపు అంచున, నార్త్ సీ ఒడ్డున ఉంటుంది. మా అమ్మాయి మిడిల్స్‌బరోలో డాక్టరు. అక్కడినుంచి రైలెక్కితే అరగంట. లైను అక్కడితో ఆఖరు. స్టేషను దిగి నాలుగడుగులు వేస్తే వీధి చివర ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. ఇంకొంచెం ముందుకు నడిస్తే కాళ్ల కింద నేల ఆగిపోతుంది. నూట ఇరవై అడుగుల కింద ఇసుక, ఆ ఇసుక మీదుగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఒక ఇనుప వంతెన. ఎడమవైపు చూస్తే రెడ్‌కార్ అనే పక్క ఊరి దాకా చదునైన తీరం. కుడివైపు హంట్‌క్లిఫ్ అనే నిటారు కొండ, దాని ముఖమంతా ఎర్రమట్టి, బూడిదరంగు రాతి పొరలు.

నేను మొదటిసారి వెళ్లింది ఏప్రిల్ నెలలో. ఎండ ఉంది, చలీ ఉంది. అమ్మాయికి ఆ రోజు డ్యూటీ, ఒక్కడినే వెళ్లాను. కొండ అంచున చిన్న గది లాంటి స్టేషను, దాని ముందు ఏటవాలుగా కిందికి రెండు జతల పట్టాలు, పట్టాల మీద రెండు పెట్టెలు కనిపించాయి. ఒకటి పైన, ఒకటి కింద. దాన్ని క్లిఫ్ లిఫ్ట్ అంటారు. టికెట్టు కొని పై పెట్టెలో కూర్చున్నాను. కిటికీలకు రంగుటద్దాలు. ఎండ వాటిలోంచి పడి బల్ల మీద ఎరుపు, ఆకుపచ్చ మచ్చలు పరిచింది. నా ఎదురుగా ఒక పెద్దావిడ, ఆమె కాళ్ల దగ్గర తడిసిన కుక్క. తలుపు వేశారు. ఇంజను చప్పుడు వినిపిస్తుందని ఎదురుచూశాను. వినిపించింది ఇంజను కాదు. నా సీటు కింద నీళ్లు పడుతున్న చప్పుడు.

నేను ముప్పై నాలుగేళ్లు నీటి పనుల్లో బతికినవాణ్ణి. కాలువలు, తూములు, ఎత్తిపోతల పంపులు. ఆ చప్పుడు వినగానే సంగతి అర్థమైంది. తొట్టి నిండుతోంది. మీలో పల్లెటూళ్లలో పుట్టినవాళ్లు ఏతం చూసే ఉంటారు. దూలానికి ఒక చివర బాన, రెండో చివర బరువు. దూలం మీద మనిషి ముందుకు నడిస్తే బాన బావిలోకి దిగుతుంది, వెనక్కి నడిస్తే నీళ్లతో పైకి వస్తుంది. అక్కడ మనిషి బరువు నీళ్లను ఎత్తుతుంది. ఈ లిఫ్ట్‌లో నీళ్ల బరువు మనిషిని ఎత్తుతుంది. సూత్రం ఒకటే, తిరగేశారంతే.

పనిచేసే తీరు ఇది. రెండు పెట్టెలనూ ఒక తీగతాడు కలుపుతుంది. ఆ తాడు పైనున్న పెద్ద చక్రం చుట్టూ తిరిగి వస్తుంది. ప్రతి పెట్టె అడుగునా నీళ్ల తొట్టి ఉంటుంది. పై పెట్టె తొట్టిలోకి నీళ్లు వదులుతారు. కింది పెట్టె కంటే ఇది బరువెక్కగానే, బ్రేకు వదిలితే ఇది దిగుతుంది, అది ఎక్కుతుంది. కిందికి చేరాక నీళ్లు ఖాళీ చేస్తారు. ఆ నీళ్లనే పంపుతో మళ్లీ పైకి తోడతారు. ఎన్ని నీళ్లు వదలాలన్నది కింద ఎంతమంది ఎక్కారన్న దాన్నిబట్టి ఉంటుంది. లీటరు నీళ్లంటే కిలో. పన్నెండు మంది పెద్దవాళ్లు కింద కూర్చుంటే, పై పెట్టె ఖాళీగా ఉంటే, ఏడెనిమిది వందల లీటర్లకు తక్కువ కాకుండా వదలాలి. మరీ ఎక్కువ వదిలితే బ్రేకు మీద భారం. బ్రేకు దగ్గర నిలబడ్డ మనిషికి ఈ లెక్క చేతిలో ఉండాలి. రోజూ చేసే పని కాబట్టి ఉంటుంది.

పట్టాల పొడవు 207 అడుగులు, ఎక్కే ఎత్తు 120 అడుగులు. అంటే అడ్డంగా కొలిస్తే నూరు అడుగులు ముందుకు సాగేసరికి 71 అడుగులు పైకి వెళ్లే ఏటవాలు. ఈ లిఫ్ట్ 1884 జూన్‌లో మొదలైంది. నీటి బరువుతో నడిచే కొండ లిఫ్టుల్లో ఆ దేశంలో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో ఇదే అన్నిటికంటే పాతది. నీళ్లు తోడే పంపు 1924లో కరెంటు పంపుగా మారింది. తాడు చుట్టుకునే పెద్ద చక్రాన్ని 1998లో మార్చారు. మొదట పెట్టిన చక్రం అంతవరకూ, నూట పద్నాలుగేళ్లు తిరిగింది. ఒక యంత్రభాగం అన్నేళ్లు పనిచేసిందంటే దానికి ఎవరో గ్రీజు పెడుతూ వచ్చారని అర్థం. ఇంజినీరుగా నేను ఆ మాటను చేతులు జోడించి చెబుతాను.

కింద దిగి ఇసుకలో ఒక గంట తిరిగి, మళ్లీ అదే లిఫ్ట్‌లో పైకి వచ్చాను. ఆ తర్వాత మూడు నెలల్లో ఆ ఊరికి పదకొండుసార్లు వెళ్లాను. దాని చరిత్ర అక్కడి లైబ్రరీలో కూర్చుని చదివాను. అందులో నాకు ముఖ్యమనిపించిన సంగతులు చెబుతాను.

ఊరు పుట్టక ముందు కొండ కింద, వాగు సముద్రంలో కలిసేచోట, ఒక చిన్న పల్లె ఉండేది. జాలరుల ఇళ్లు, షిప్ ఇన్ అనే సత్రం. పద్దెనిమిదో శతాబ్దం చివర ఆ సత్రం నడిపిన జాన్ ఆండ్రూ దొంగసరుకు వ్యాపారానికి పెట్టింది పేరు. సుంకం కట్టని సారాయి, పొగాకు రాత్రివేళ ఒడ్డుకు చేరేవి. ఆ సత్రం ఇప్పటికీ ఉంది. దాని పక్కన ఇటుకలతో కట్టిన చిన్న గది ఒకటి ఉంది. సముద్రం ఒడ్డుకు తోసిన శవాలను ఉంచడానికి కట్టినది. సెలవులకు వచ్చి ఐస్‌క్రీము తింటూ నడిచేవాళ్లు ఆ గది పక్కనుంచే నడుస్తారు. నేను మాత్రం దాని ముందు కాసేపు ఆగాను. సముద్రపు ఊరంటే అదీ కలిపే.

ఇక కొత్త ఊరి సంగతి. దీనికి మూలం రైలు, ఇనుము, ఒక మనిషి కల. ఈ మూడింటికీ కేంద్రం పీజ్ కుటుంబం. డార్లింగ్టన్ పట్టణానికి చెందిన క్వేకర్లు. ఆడంబరం కూడదు, యుద్ధం కూడదు అని నమ్మే క్రైస్తవ శాఖ అది. తండ్రి ఎడ్వర్డ్ పీజ్. 1825లో మొదలైన స్టాక్టన్ డార్లింగ్టన్ రైలు దారి వెనక ముఖ్యమైన డబ్బు, పట్టుదల ఆయనవే. పెద్దకొడుకుల్లో ఒకడైన జోసెఫ్, టీస్ నది ఒడ్డున పొలాలు కొని మిడిల్స్‌బరో పట్టణానికి పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు. 1831లో అక్కడ ఉన్నది 154 మంది. 1850లో దగ్గరి ఎస్టన్ కొండల్లో ఇనుపరాయి దొరికాక అది ఇంగ్లండులోకెల్లా వేగంగా పెరిగిన పట్టణాల్లో ఒకటైంది. పొగ, కొలిమి, రద్దీ.

జోసెఫ్ తమ్ముడు హెన్రీ పీజ్. ఈయన గురించి ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. 1854 చలికాలంలో, క్రిమియా యుద్ధంలోకి బ్రిటన్ దిగడం రేపోమాపో అన్నప్పుడు, ముగ్గురు క్వేకర్లు రష్యా వెళ్లి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జార్ నికోలస్‌ను కలిశారు. యుద్ధం వద్దని చెప్పడానికి. వాళ్లలో హెన్రీ పీజ్ ఒకడు. యుద్ధం ఆగలేదు. కానీ ఆ మంచులో అంత దూరం వెళ్లిన మనిషి స్వభావం ఎలాంటిదో తెలుస్తోంది. అవతలివాళ్లు నవ్వుతారేమోనని తలచే రకం కాదు.

1850ల చివరలో ఆయన మార్స్క్ అనే ఊళ్లో అన్నగారింట్లో ఉన్నాడు. ఒకరోజు తీరం వెంట నడుచుకుంటూ సాల్ట్‌బర్న్ దాకా వెళ్లి, భోజనానికి చాలా ఆలస్యంగా తిరిగి వచ్చాడట. ఎక్కడికి వెళ్లావంటే, కొండవాలులో కూర్చున్నాను, ఎదుటి అంచు మీద ఒక పట్టణం, వాగు పారే లోయలో ఒక తోట నా కళ్లకు కట్టాయి అన్నాడట. ఆయన భార్య తర్వాత రాసిపెట్టిన సంగతి ఇది. ఇలాంటి కథలు ప్రతి ఊరికీ ఒకటి ఉంటాయి. ఈ ఊళ్లో తేడా ఏమిటంటే, ఆ కలను చిత్తుకాగితం మీద కాదు, కొలతలతో పటం గీయించి, కంపెనీ పెట్టి, జెట్లండ్ ప్రభువు దగ్గర భూమి కొని, 1861 ఆగస్టులో రైలు తెప్పించి నిలబెట్టారు. ముందు రైలు, తర్వాత ఊరు.

తెర మీద పటం చూడండి. ఈ సమాంతర వీధులన్నీ సముద్రం వైపు దారితీస్తాయి. వీటికి పెట్టిన పేర్లు రత్నాలవి. పగడం వీధి, కెంపు వీధి, పచ్చ వీధి, ముత్యం వీధి, వజ్రం వీధి. గార్నెట్, ఆంబర్ కూడా ఉన్నాయి. మనవాళ్లు నవరత్నాలంటే గ్రహశాంతికి ఉంగరం చేయిస్తారు. వాళ్లు వీధులు చేయించుకున్నారు. వీధులను సముద్రానికి అడ్డంగా కాక నిలువుగా వేయడంలో ఒక ఆలోచన ఉంది. అడ్డంగా వేస్తే మొదటి వరుసలో ఉన్న డబ్బున్నవాడికే సముద్రం దక్కుతుంది. నిలువుగా వేస్తే వెనకవీధిలో సామాన్యుడు కూడా తలుపు తీసి పక్కకు చూస్తే వీధి చివర నీలిగీత కనిపిస్తుంది. నేను ముత్యం వీధిలో ప్రతి పది అడుగులకూ ఆగి చూశాను. ఎక్కడినుంచి చూసినా కనిపించింది.

ఇళ్లు చాలావాటికి లేతరంగు ఇటుక. పీజ్ కుటుంబం గనుల దగ్గర కాల్చిన ఇటుకలు అవి. వాటి మీద వాళ్ల పేరు అచ్చుగుద్ది ఉంటుంది. స్టేషను ఎదుట జెట్లండ్ హోటలు, 1863లో తెరిచారు. రైలు పట్టాలను హోటలు వెనక దాకా పొడిగించి, దానికి సొంత ప్లాట్‌ఫారం కట్టారు. పెద్దింటివాళ్లు రైలు దిగితే హోటలు లోపలే దిగినట్టు. ఇప్పుడది అపార్ట్‌మెంట్లు.

హోటలు కంటే నాకు నచ్చింది లోయలో ఉన్న ఒక మండపం. రాతి స్తంభాలు, పైన త్రికోణపు శిఖరం. చెట్ల మధ్య నిలబడి ఉంటే ఏదో గ్రీకు గుడి అనిపిస్తుంది. అది గుడి కాదు. నలభై మైళ్లకు దగ్గరగా అవతల ఉన్న బార్నర్డ్ కాజిల్ అనే ఊళ్లో మొదటి రైల్వేస్టేషనుకు ముందున్న వరండా అది. ఆ స్టేషను పనికి రాకుండా పోయాక, హెన్రీ పీజ్ ఆ వరండాను విప్పించి, రాళ్లు ఇక్కడికి తెప్పించి, మళ్లీ పేర్పించాడు. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ జ్ఞాపకంగా 1867లో నిలబెట్టారు. రాణిగారి భర్త స్మారకానికి కొత్త రాయి చెక్కించగల స్తోమత ఆయనకు లేక కాదు. మంచి రాయి, మంచి పనితనం. పారేయడానికి మనసు ఒప్పలేదు. ఈ మండపం దగ్గరే నాకు ఈ ఊరి స్వభావం పట్టుబడింది. ఉన్నదాన్ని వాడుకలో ఉంచడం. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే. మిగతావన్నీ దానికి సాక్ష్యాలు.

ఇప్పుడు ఆ ఇనుప వంతెన దగ్గరికి వద్దాం. దాన్ని పియర్ అంటారు. మన రేవుల్లో జెట్టీ లాంటిదే, కానీ సరుకుల కోసం కాదు, ఎక్కువగా నడక కోసం. సముద్రం మీద గాలి పీల్చుకుంటూ నడిచి, చివరిదాకా వెళ్లి, వెనక్కి రావడం. ఆవిరి పడవలు కూడా చివర ఆగేవి. జాన్ ఆండర్సన్ అనే ఇంజినీరు ముందుకొచ్చి కంపెనీ పెట్టి కట్టించాడు. 1869లో తెరిచారు. అప్పుడు పొడవు 1500 అడుగులు. కానీ ఒక చిక్కు. ఊరు కొండ మీద, పియర్ కొండ కింద. దిగడం సులువే, ఎక్కడం? జనం బద్ధకించారు. అందుకని 1870లో కొయ్యతో ఒక నిలువు ఎత్తుడు యంత్రం కట్టారు. 120 అడుగుల కొయ్య గోపురం, అందులో ఇరవై మంది పట్టే బోను. కొండ అంచునుంచి ఒక సన్నని దారి మీదుగా నడిచి బోనులోకి వెళ్లాలి. పదమూడేళ్లు నడిచింది. 1883లో పరీక్షిస్తే కొయ్యలు కుళ్లిపోయి ఉన్నాయి. మూసేశారు. ఆ స్థానంలో వచ్చిందే నేనెక్కిన నీటి లిఫ్ట్.

దాన్ని రూపొందించినవాడు జార్జ్ క్రోయిడన్ మార్క్స్. టాంగీ అనే యంత్రాల కంపెనీలో లిఫ్టుల విభాగం చూసేవాడు. అప్పుడు ఆయన వయసు పాతిక దాటి ఒకటి. తర్వాత డెవన్‌లో లింటన్ కొండ రైలు, ష్రాప్‌షైర్‌లో బ్రిడ్జ్‌నార్త్ కొండ రైలు కూడా ఆయన చేతిమీదుగానే వచ్చాయి. చివరికి పార్లమెంటు సభ్యుడై, ప్రభువు బిరుదు కూడా పొందాడు. ఇక్కడ ఇంజినీరింగు చదువుతున్న పిల్లలు ముందువరసలో కూర్చున్నారు కాబట్టి చెబుతున్నాను. ఇరవై ఆరేళ్ల కుర్రవాడు వేసిన లెక్క మీద నూట నలభై ఏళ్లుగా జనం కొండ ఎక్కుతున్నారు.

పియర్ కథ మాత్రం అంత సాఫీగా లేదు. 1875లో తుఫాను వచ్చి చివరి భాగాన్ని, పడవలు ఆగే మెట్టును కొట్టుకుపోయింది. పొడవు 1250 అడుగులకు తగ్గింది. 1924లో ఒక ఓడ అదుపుతప్పి మధ్యలో గుద్దింది. 210 అడుగుల ఖాళీ ఏర్పడింది. కొన్నేళ్లపాటు అవతలి ముక్క ద్వీపంలా నిలబడి ఉంది. దాన్ని బాగుచేసి ఎంతో కాలం కాలేదు, రెండో ప్రపంచ యుద్ధం. శత్రుసైన్యం దిగుతుందేమోనని వాళ్లే మధ్యలో కొంత తీసేశారు. యుద్ధం అయ్యాక అతికించారు. మళ్లీ గాలివానలు.

1974 దగ్గరికి వద్దాం. అక్టోబరు చివర వచ్చిన తుఫానుకు పియర్ చివరి భాగం చితికిపోయింది. అదే సంవత్సరం డిసెంబరు 17న ఆ ఊరు ఇంకొకటి పోగొట్టుకుంది. లోయకు అటూ ఇటూ కలుపుతూ ఎత్తైన ఇనుప వంతెన ఒకటి ఉండేది. 1869లో కట్టినది, పియర్ వయసే. నడిచి దాటడానికి అర్ధపెన్నీ రుసుము. అందుకే దాన్ని హాఫ్‌పెన్నీ వంతెన అనేవారు. పాత పోస్టుకార్డుల్లో చూశాను. చెట్ల పైన, గాలిలో సన్నని గీత గీసినట్టు ఉంటుంది. మరమ్మతుకు చాలా ఖర్చవుతుందని తేల్చి, ఆ రోజు మందుగుండు పెట్టి కూల్చారు. జనం నిలబడి చూశారు. స్తంభాలు మోకాళ్లు విరిగినట్టు వంగిపోతున్న ఫోటో ఒకటి ఉంది. ఇదిగో, తెర మీద ఉన్నది అదే.

ఈ ఫోటో ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. కారణం చెబుతాను. నా ఉద్యోగపు మొదటి రోజుల్లో ఒక కాలువ మీది పాత రాతి వంతెనను పరిశీలించి నివేదిక రాయమన్నారు. నాలుగు కమానులు, సున్నం గారతో కట్టినది. రెండు కమానుల్లో రాళ్లు జారాయి. బాగుచేయడానికి ఒక అంచనా, పడగొట్టి కొత్తది వేయడానికి ఒక అంచనా వేశాను. రెండింటికీ తేడా స్వల్పం. కొత్తదే మేలని సంతకం చేశాను. పడగొట్టే రోజు ఊళ్లోంచి ఒక ముసలాయన వచ్చి, "అయ్యా, మా తాత ఈ రాళ్లు మోశాడు" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేను ఆయనకు జవాబు చెప్పలేదు. అంచనా కాగితంలో ఆ మాట రాయడానికి గడి లేదు. ఆ తప్పు నాదే.

సాల్ట్‌బర్న్‌లో 1975లో పురపాలకులు పియర్‌నూ పూర్తిగా కూల్చేస్తామని దరఖాస్తు పెట్టారు. వాళ్ల లెక్క వాళ్లది. సముద్రం ఏటా తినే ఇనుముకు డబ్బు ఎక్కడినుంచి తేవాలి? కానీ అప్పటికి జనం వంతెన కూలడం కళ్లారా చూసి ఉన్నారు. పియర్‌ను కాపాడుకుందాం అని ఉద్యమం లేపారు. సంతకాలు, సభలు. బహిరంగ విచారణ జరిగింది. చివరికి వచ్చిన నిర్ణయం నాకు ఎంతో వివేకంగా తోచింది. మొత్తం నిలబెట్టడం సాధ్యం కాదు, మొత్తం కూల్చడం అక్కర్లేదు. దెబ్బతిన్న చివరి పదమూడు వరసల కాళ్లు తీసేయాలి, మిగిలింది బాగుచేయాలి. 1978లో మళ్లీ తెరిచారు. 2001లో జాతీయ లాటరీ నిధులతో, నడిచే పలకలన్నీ కొత్త గట్టికొయ్యతో వేశారు. ఇప్పటి పొడవు 681 అడుగులు. పుట్టినప్పటి పొడవులో సగం కంటే తక్కువ. యార్క్‌షైర్ తీరమంతటా మిగిలిన విహారపు పియర్ అదొక్కటే.

నేను పలకలు లెక్కపెట్టుకుంటూ దాని చివరిదాకా నడిచాను. పలకల సందుల్లోంచి కింద అల కనిపిస్తుంది. ఆటుకు ఇసుక, పోటుకు నీళ్లు. ఇనుప కాళ్లకు నల్లని ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా. కొన్ని కాళ్లు కొత్తవి, కొన్ని పాతవి. రంగు ఒకటే వేసినా అతుకు దగ్గర తేడా తెలుస్తుంది. ఇంజినీరు కంటికి ఆ అతుకులు దాచినట్టు కనిపించకపోవడమే బాగుంది.

రెయిలింగు పొడవునా ఊలుతో అల్లిన బొమ్మలు కట్టి ఉన్నాయి. చేపలు, పడవలు, ఈత దుస్తులు వేసుకున్న చిన్న మనుషులు. 2012లో లండన్ ఒలింపిక్స్ ఏడాది, ఒకరోజు తెల్లారేసరికి పియర్ రెయిలింగు మీద ఊలు క్రీడాకారులు వరసగా ప్రత్యక్షమయ్యారు. ఎవరు అల్లారో, ఎప్పుడు కట్టారో చెప్పలేదు. ఆనాటినుంచి అప్పుడప్పుడూ కొత్త బొమ్మలు వస్తూనే ఉన్నాయి. నేను ఒక ఊలు జాలరిని దగ్గరగా చూశాను. అరచెయ్యంత. వానకు తడిసి బరువెక్కి తల వాల్చాడు. టోపీ అంచున ఒక కుట్టు ఊడితే వేరే రంగు ఊలుతో బాగుచేసి ఉంది. ఒక బొమ్మ టోపీకి కూడా మరమ్మతు చేసే ఊరు.

ఒక ఇష్టమైన కథ కూడా చెప్పాలి, త్వరగా చెబుతాను. ఆటు వేళ అక్కడి ఇసుక గట్టిగా, చదునుగా, మైళ్ల పొడవున ఉంటుంది. వంద ఏళ్ల కిందట దాని మీద కారు పందేలు నడిపేవారు. 1922 జూన్‌లో మాల్కమ్ క్యాంప్‌బెల్ అనే పందేల డ్రైవరు సన్‌బీమ్ కారులో గంటకు 138 మైళ్ల వేగం అందుకున్నాడు. కాలం కొలిచిన పద్ధతి ఒప్పుకోక దాన్ని అధికారిక రికార్డుగా రాయలేదు. ఇప్పుడు ఆ ఇసుక మీద కుక్కలు పరుగెత్తుతాయి. నీళ్లలో నల్లటి రబ్బరు దుస్తులు వేసుకుని కుర్రాళ్లు, ఆడపిల్లలు పలక మీద అలలెక్కుతారు. జనవరిలో కూడా ఎక్కుతారట. ఆ చలి తలచుకుంటేనే నాకు వణుకు.

ఇంతసేపూ కొండ మీద ఊరు అంటున్నాను. ఆ కొండ సంగతేమిటి? హంట్‌క్లిఫ్ మీదికి కాలిబాట ఉంది. క్లీవ్‌లండ్ వే అనే నూట తొమ్మిది మైళ్ల దారి కొండల్లోంచి వచ్చి సముద్రాన్ని ముట్టుకునేది సాల్ట్‌బర్న్ దగ్గరే. అమ్మాయి సెలవు రోజున ఇద్దరం ఆ బాట ఎక్కాం. పైన నాలుగో శతాబ్దం చివర రోమనులు కట్టిన కావలి గోపురం ఉండేది. సముద్రం మీద వచ్చే దోపిడీగాళ్లను చూసి సంకేతం ఇచ్చేందుకు. 1911, 12లలో తవ్వితే అక్కడి బావిలో పద్నాలుగు అస్థిపంజరాలు దొరికాయి. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. దాడిలో చనిపోయినవాళ్లనే అనుకున్నారు. ఇప్పుడు అక్కడికి వెళితే చూడటానికి ఆ గోపురం పునాది కూడా లేదు. అది నిలిచిన నేలే సముద్రంలో పడిపోయింది. తవ్వినవాళ్లు రాసిపెట్టుకోవడం వల్ల మనకు తెలుస్తోంది. ఇంకొన్నేళ్లు ఆగి తవ్వి ఉంటే ఆ పద్నాలుగు మంది ఉన్నట్టే తెలిసేది కాదు.

అమ్మాయి కంచెను పట్టుకుని కిందికి చూసి, "నాన్నా, ఈ కంచె పోయినేడు ఇంకొంచెం ముందుకు ఉండేది" అంది. నాకు ఆ మాట చాలా రోజులు వెంటాడింది.

ఆ కొండమీదినుంచి ఉత్తరానికి చూస్తే రెడ్‌కార్ ముందు సముద్రంలో ఇరవై ఏడు గాలిమరలు తిరుగుతూ కనిపిస్తాయి. వాటి వెనక ఒకప్పుడు ఉక్కు కర్మాగారం ఉండేది. 2015లో మూతపడింది. పెద్ద కొలిమిని 2022లో పేల్చి పడగొట్టారు. ఈ ఊరిని పుట్టించిన ఇనుము ఇప్పుడు కనుచూపుమేరలో కరగడం లేదు. పీజ్ కుటుంబం బ్యాంకు 1902లోనే కుప్పకూలింది. కట్టించిన కుటుంబం ఆస్తి పోయింది, బతికించిన పరిశ్రమ పోయింది. రత్నాల వీధులు, నీటి లిఫ్ట్, సగం పియర్, తోటలో స్టేషను వరండా ఉన్నాయి. ఉత్తినే ఉండిపోలేదు. ఒక్కొక్కదాని వెనకా ఎవరో గట్టిగా పట్టుకున్న చెయ్యి ఉంది. లోయ మీది వంతెనకు ఆ చెయ్యి అందలేదు.

తిరిగి బయలుదేరే ముందు రోజు సాయంత్రం చివరిసారి వెళ్లాను. పియర్ చివర గాలి కోతగా ఉంది. ఒక తండ్రి, ఆరేడేళ్ల పాప రెయిలింగుకు ఆనుకుని ఉన్నారు. "ఇంకా ముందుకు ఎందుకు లేదు?" అని ఆ పాప అడిగింది. ఆయన వంగి నీళ్ల మీదికి చెయ్యి చాపి, ఒకప్పుడు అదిగో అక్కడిదాకా ఉండేది అని చూపించాడు. పాప ఆ చెయ్యి చూపిన చోటునే చాలాసేపు చూసింది. నేనూ చూశాను. అక్కడ బూడిదరంగు నీళ్లు తప్ప ఏమీ లేవు.

వెనక్కి వచ్చేసరికి లిఫ్ట్ కట్టేసే వేళయింది. కింద నేనొక్కణ్ణే. పైనుంచి ఒక మనిషి చెయ్యి ఊపి, ఎక్కమని సైగ చేశాడు. తలుపు వేసుకుని కూర్చున్నాను. కాసేపు నిశ్శబ్దం. నాకోసం పైన ఖాళీ పెట్టెలోకి నీళ్లు వదులుతున్నారు. ఆ తర్వాత తాడు బిగిసింది, పెట్టె మెల్లగా కదిలింది.